పిన్ని ముడులేసిన హత్య కథ

ఆ పుస్తకం ఎక్కడ దొరికిందే నీకు? ఇలా ఇయ్యి. నవ్వుతావేం, కూర్చో, చెప్తా. ముందే అంటున్నా, ఏది ముందో ఏది వెనకో తారుమారు చేస్తానేమో, ఈమధ్య నా బుర్ర అలా ఉంది. తప్పు పోతే ఆపు, అంతేగానీ మీ అమ్మలా కళ్లు తిప్పకు. దీన్ని కుట్టింది మేమేనే, నేనూ పిన్నీ. నాకు పిన్నేం కాదులే, బైండింగు షాపులో ఆమె అందరికీ పిన్నే, ఆ ముసలి మేస్త్రీకి కూడా. పిన్ని పోయి ముప్పై ఏళ్లయిందో, ఇంకా ఎక్కువో. సూది పట్టిందంటే మిషను సిగ్గుపడాలి, కానీ అంకెలు తప్ప ఒక్క అక్షరం రాదు. నాకు మాత్రం ఎవరు చెప్పారు చదువు? మడతపెట్టే కాగితాల మీదే కూడబలుక్కుని నేర్చుకున్నా.

ప్రెస్సు నుంచి పుస్తకం ఒక్కసారే రాదమ్మడూ. పదహారు పేజీలు ఒక ఫారం, మూణ్ణాలుగు రోజులకొకటి వచ్చేది. మడతపెట్టి దొంతర్లు పెట్టుకోవడం, ఆఖరి ఫారం వచ్చాక అన్నీ వరసగా ఏరి కుట్టడం, అదీ మా పని. చదివామా, మేస్త్రీ ఊరుకోడు. "చదువుతూ దొరికితే అటునుంచి అటే ఇంటికి!" అని ముక్కుతో అరిచేవాడు. మరి ఇదేమో మొదటి ఫారంలోనే పెద్దాయన లోపల గడియ వేసున్న గదిలో చచ్చిపడున్నాడాయె! ఇంట్లో ఐదుగురు, ఐదుగురూ అబద్ధాలకోరులే. నాకు అన్నం సయిస్తే ఒట్టు. నేను మడతపెడుతూ గొణగడం, పిన్ని కుడుతూ వినడం. ఐదుగురికీ ఐదు రంగుల దారాలు సూదుల దిండుకి గుచ్చుకుంది. ఎవరు అబద్ధమాడితే వాళ్ల దారానికో ముడి. చంపింది ఆ ఐదుగురిలో లాయరేనని నేను పందెం కాస్తే, ఆమె తాపీగా, "వదినగారే. ఆకుపచ్చ దారం చూడవే, ఇంకో ముడికి చోటు లేదు" అంది.

ఆఖరి ఫారం వచ్చిన రోజు ఆగలేకపోయా. దొంతర నా పక్కకి లాక్కుని చాటుగా చదివేశా. వదినే! అక్షరం రాని మనిషి విని పట్టేసింది, చదివిన నేను పట్టలేకపోయా, ఒళ్లు మండదూ? ఆ మంటలో దొంతర మళ్లీ ఎక్కడ పెట్టానో చూసుకోలేదు. నలభై పుస్తకాలు కుట్టాక బయటపడింది, నాలుగో ఫారం అవగానే హంతకురాలు తీరిగ్గా కూర్చుని నేరం ఒప్పుకుంటోంది! మేస్త్రీ ఊగిపోయాడు. "ఎవరిదీ పని?" మీ తాత మంచం మీదున్నాడప్పుడు, ఇల్లంతా నా జీతం మీదే. పిన్ని తలైనా ఎత్తకుండా, "నేనే. కళ్లు మసకలు, ఫారం అంకె కనపడలా. పంపించెయ్, నీ పుస్తకాలు నువ్వే కుట్టుకుందువు" అంది. ఆయన ఆ నలభై పుస్తకాలూ మా ముందు పడేసి పోయాడు.

ఇద్దరం కుట్లు విప్పుతూ కూర్చున్నాం. "ఇప్పుడు చదువు ఆఖరిది" అంది. చదివా. నా బుద్ధి చూడు, వదిన అని ఉన్నచోటల్లా లాయరు అని చదివా! పిన్ని సూది ఆపింది. దారాలు వేళ్లతో తడిమింది. "ఆ టైముకి లాయరు స్టేషన్లో టికెట్ కొంటున్నాడని మూడో ఫారంలో నువ్వే చదివావు. టికెట్ ఇచ్చినవాడు సాక్ష్యం కూడా చెప్పాడు. ఇంత కథ అల్లినాయన ఆ మాత్రం మర్చిపోతాడా? అబద్ధమాడేది నువ్వే" అంటూ ఆరో దారం తీసి ముడేసింది, నా పేరున! ఆ పైన, "మేస్త్రీ, ఆ దొంతర జరిపిందెవరంటే..." అని గొంతెత్తింది కూడా. దండం పెట్టి, నోరు మూయించి, చచ్చినట్టు ఆ ఫారం మొదటి పేజీ నుంచి మళ్లీ చదివా. వదిన ఒప్పుకున్నచోట పిన్ని నవ్విన నవ్వుకి షాపంతా తిరిగి చూసింది.

ఆ వదిన పేరేమిటబ్బా... నాలిక చివరే ఉంది. లాయరు పేరూ పోయింది. ఐదుగురి పేర్లూ గడగడా చెప్పేదాన్ని. ఉండుండు, నేను అబద్ధంగా చదివింది లాయరనేనా? లేక లాయరే నిజమై, వదిన అని... అమ్మడూ, ఆఖరి పేజీలు తియ్యి. పేర్లు చూడవే ఒకసారి. చంపింది లాయరని ఉంటే మాత్రం నాకు చెప్పకు.