అబ్బులు లెన్సు, పాపాయమ్మ పన్ను

అబ్బులని ఒకడున్నాడండి, లంకలపాలెం సెంటర్లో ఫోటో స్టూడియో వాడిది. పెళ్ళిళ్ళకి తీస్తాడు, ఓణీల ఫంక్షన్లకి తీస్తాడు, పాసుపోర్టు ఫోటోలు తీస్తాడు. చెయ్యి మంచిదే, వంక పెట్టక్కర్లేదు. వాడికున్న జబ్బల్లా ఒకటే. చేతిలో ఉన్న లెన్సుతో తీస్తన్నంతసేపూ రాబోయే లెన్సు గురించే ఆలోచిస్తాడు. కెమెరా ముందర బిగించే అద్దాల గొట్టవండి లెన్సంటే, తెలీనోళ్ళకి చెప్తన్నాను. ఎదురుగా పెళ్ళికూతురు నవ్వుతా కూచుంటాదా, వీడి మనసేమో కంపెనీవోడు కొత్తది ఎప్పుడు వదుల్తాడా అని ఆ లోకంలో ఉంటాది. వీడి గొట్టం పాతదైపోయి లోపల బూజు పట్టింది. ఎవర్ని తీసినా పొయ్యి పొగలో నిలబెట్టి తీసినట్టే పడతన్నారు. బాగుచేయించుకోరా అంటే వినడు. కొత్తది వచ్చేస్తాదంట కదా, దీనికెందుకు తగలెయ్యడం అంటాడు. అలా అనబట్టి ఎన్నేళ్ళైందో వాడికే గుర్తులేదు.

వీడొక్కడే అనుకోకండి. ఆ చుట్టుపక్కల పెళ్ళి ఫోటోగ్రాఫర్లందరిదీ అదే వరస. ముహూర్తాలున్నప్పుడు ఫర్లేదు, తిండి తినడానికే తీరికుండదు. మూఢం వచ్చిందనుకోండి, పెళ్ళిళ్ళుండవు, పనుండదు, అందరూ వచ్చి సత్తిబాబు టీకొట్టు దగ్గిర చేర్తారు. ఇంక చూసుకోండి. ఒకడంటాడు, దసరాకి వచ్చేస్తాదంట, మా బావమరిది ఫ్రెండు జపానులో ఉన్నాడు, వాడు చూసేడంట. ఇంకోడంటాడు, అబ్బే, దసరాకెక్కడ, కంపెనీవోళ్ళకే ఇంకా తేల్లేదంట. కంపెనీవోళ్ళకే తేలంది నీకెలా తెలిసిందిరా అని ఎవడూ అడగడు. అడిగితే ఆట చెడిపోద్ది కదండీ. ఆ లెన్సుతో తీస్తే మనిషి మొహం ఒక్కటీ తేటగా పడి, వెనకాల ఉన్నదంతా వెన్నలాగ కరిగిపోద్దంట. ఇంకా పుట్టని లెన్సుకి బారసాల చేసి, అన్నప్రాసన చేసి, ఆఖరికి దాని మీద అలిగి ఇళ్ళకి పోయినోళ్ళు కూడా ఉన్నారు. ఆళ్ళందరికీ పెద్ద కొండలరావుగారు. రీలు కెమెరాల కాలం నించీ ఉన్న మనిషి. ఆయన ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ.

సరే, అబ్బులింట్లో వాళ్ళ మామ్మ పాపాయమ్మ. తల్లి పోతే వీణ్ణి పెంచిందావిడే. ఆవిడకి ఒక్కటే కోరిక, నవ్వుతా ఉన్న ఫోటో ఒకటి కావాలి. ఇదేం కోరికండీ అంటారేమో. ఏమైందంటే, ఆవిడకున్న ఫోటోలన్నీ కార్డుల మీదవే. రేషను కార్డు మీదొకటి, ఆధారు మీదొకటి, పింఛను కాయితం మీదొకటి. తీసిన ప్రతీవోడూ నవ్వకు మామ్మా, నోరు ముయ్యి మామ్మా అనే తీసేడు. పుట్టి బుద్ధెరిగి నోరు ముయ్యని మనిషండి ఆవిడ, ఫోటోల్లో చూస్తే మూసిన నోరే. అది ఆవిడకి కష్టంగా ఉండేది. నేను పోయేక దండేసేది ఆ మొహానికా అని ఒకసారి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుందంట. ఒరేయ్ అబ్బులూ, పళ్ళుండగా తియ్యరా అందంట. కొత్త లెన్సు రానియ్యి మామ్మా, మొదటి ఫోటో నీదే అన్నాడు. కొన్నాళ్ళకి కింద పళ్ళు ఊడేయి. ఒరేయ్ అబ్బులూ, పై వరసుండగా తియ్యరా అంది. కొత్త లెన్సు రానియ్యి మామ్మా అన్నాడు. పై వరసా పోయింది. ముందర పన్ను ఒక్కటే మిగిలింది, అదీ ఊగుతా ఉంది, నాలిక తగిల్తే చాలు గుమ్మం తలుపులాగ కదులుద్ది. ఒరేయ్ అబ్బులూ, ఇదొక్కటీ ఉండగా తియ్యరా అంది. వాడిదదే మాట.

ఇంతలో ఏమైందంటే, ఓ రోజు అబ్బులు అరుగు మీద కూచుని లెన్సు తుడుస్తా తుడుస్తా, చూసుకోకుండా మీట నొక్కేసేడు. ఎదురుగా మామ్మ ఎసట్లోకి బియ్యం కొలుస్తంది. చేతిలో గొట్టంలాంటి ఇనప తవ్వ, చుట్టూ ఇత్తడి కట్టున్నది, వాళ్ళ అత్తగారి నాటిది. పడింది బొమ్మ. ఎలా పడింది? తల లేదు, ఒళ్ళు లేదు, చెయ్యీ తవ్వా, అదీ మసక మసకగా. వాడు దాన్ని ఫోన్లోకి ఎక్కించి, చూడండ్రా నా లెన్సు ఎంత పాడైపోయిందో అని వాళ్ళ వాట్సాపు గ్రూపులో పెట్టేడు. పెట్టేడు, మర్చిపోయేడు.

ఆ బొమ్మ ఊరుకుంటాదా? ఎవడో అబ్బులు రాసిన మాట వదిలేసి బొమ్మ ఒక్కటే రాజమండ్రివోళ్ళకి పంపేడు, ఇదేంటో చెప్పుకోండి చూద్దామని. రాజమండ్రివోడు, ఇదేదో లెన్సులాగుంది సుమా అని బెజవాడ పంపేడు. బెజవాడోడు, లెన్సేనంట అని హైదరాబాదు పంపేడు. అక్కడ యూట్యూబులో కెమెరాల కబుర్లు చెప్పుకునేవోడొకడు చెయ్యి కత్తిరించేసి, చుట్టూ నలుపు పులిమి, ఎర్ర బాణాలు పెట్టి, కొత్త లెన్సు దొంగచాటు ఫోటో, మొట్టమొదట మన దగ్గిరే అని వదిలేడు. అది పై దేశాలు కూడా తిరిగిందంటారు, నేను చూళ్ళేదు. తిరిగి తిరిగి, సత్తిబాబు టీకొట్టుకే వచ్చి పడింది.

టీకొట్టు దగ్గిర జాతరండి ఆ రోజు. కొండలరావుగారు కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసేరంట. ఈ పసుపు కట్టు చూసేరా, ఖరీదైన వాటికే వేస్తారు అన్నారు. పక్కన చిన్న సొట్టలాంటిదుంటే, ఇది కొత్త బటను, బొటనవేలు ఆనించడానికి అన్నారు. మరి గాజేదండీ అని ఒకడు అడిగేడు. ఆయనేం తడుముకోలేదు. గాజు కనపడకుండా చేసేరు, అందుకే కదా ఇన్నాళ్ళు పట్టింది అన్నారు. అందరూ అవునవునన్నారు. అబ్బులు అందరికంటే గట్టిగా అన్నాడు. వాడి ఫోటో వాడే గుర్తుపట్టలేదా అని నవ్వుతున్నారు కదూ మీరు? కోసేసి, నలుపు పులిమేసి, బాణాలు గుచ్చితే ఎలా గుర్తుపడతాడండి. పైగా వాడు చూద్దామనుకున్నది లెన్సాయె.

వాడు ఎగురుకుంటా ఇంటికొచ్చేసరికి మామ్మ దవడ పట్టుకుని కూచునుంది. పన్ను సలుపుతోందంట, డాక్టరు తెల్లారి రమ్మన్నాడంట, పీకేస్తాడంట. ఒరేయ్ అబ్బులూ, ఈ పూటైనా తియ్యరా, రేపటికి ఉండదురా అందంట. నవ్వుతా అడగలేదండి ఈసారి. వీడు వినిపించుకుంటేనా? నాలుగు రోజులు ఓర్చుకో మామ్మా, వచ్చేస్తంది, నువ్వే చూడు అని ఫోను చేతికిచ్చేడు. ఆవిడ గుమ్మంలో వెల్తురుకి జరిగి, దూరంగా పెట్టి, దగ్గిరగా పెట్టి చూసింది.

"ఇది నా తవ్వరా."

"తవ్వేంటి మామ్మా, లెన్సు. ఇదిగో, ఇక్కడ బటను."

"బటనేంట్రా నీ మొహం. చిన్నప్పుడు తాటిటెంక దీంతో కొట్టి సొట్టబెట్టేవు. నేను తిడతానని గడ్డిమేటులో దాచేవు."

లోపలికెళ్ళి, డబ్బాలోంచి తవ్వ తీసి, ఉన్న బియ్యం గుమ్మరించి, తెచ్చి ఫోను పక్కన పెట్టింది. కట్టుకి కట్టు, సొట్టకి సొట్ట. అబ్బులికి సిగ్గనిపించింది, నవ్వొచ్చింది, ఆ తరవాత దిగులేసింది. ఇన్నాళ్ళూ దేని కోసం ఆగి ఈవిడ పళ్ళన్నీ పోగొట్టేనా అని. ఆవిడ ఇంక తిట్టలేదు. తవ్వ చేత్తో పట్టుకుని అరుగు మీద సర్దుకుని కూచుంది.

"కొత్త లెన్సొస్తే మొదటి ఫోటో నాదేనన్నావు కదరా. ఇదిగో, వచ్చింది. తియ్యి."

అని ఒక్కసారి నవ్విందండి. నోరారా, పన్ను కనపడేలాగ. వీడు ఆ బూజు లెన్సుతోనే తీసేడు. పొద్దు వాలే వేళ, ఆ ఎండా ఆ బూజూ కలిసి మొహం చుట్టూ వెల్తురు పరుచుకున్నట్టు పడింది. పన్ను మాత్రం మిలమిలా. అంతసేపూ వాడికి ఇంకో లెన్సు గుర్తే రాలేదంట. అది వాడే చెప్పేడు నాకు.

ఆ ఫోటో గ్రూపులో పెట్టేడు. మామ్మ ఎలా ఉంది అని ఒక్కడైనా అడిగేడా? ఏ లెన్సు, ఏ లెన్సు అని ఒకటే గోల. ఉన్నదున్నట్టు రాసేడు, ఇది నా పాత బూజు లెన్సేనయ్యా, మీరనుకునే కొత్త లెన్సు మా మామ్మ చేతిలో ఉంది చూడండి, బియ్యం కొలుచుకుంటాం దాంతో అని. ఎవడూ నమ్మలేదు. కొండలరావుగారైతే సత్తిబాబు కొట్లో తేల్చి చెప్పేసేరంట, కంపెనీవోళ్ళు వీడికి ముందే ఇచ్చేసేరు, బయటపెట్టొద్దన్నారు, అందుకే ముసలావిడ చేతికిచ్చి తవ్వ అని బొంకుతున్నాడు అని. అప్పణ్ణించీ అబ్బులంటే గౌరవం పెరిగింది, ఇంటికి వచ్చినోడల్లా లోపల బియ్యం డబ్బా వైపే చూస్తన్నాడంట. మా ఇంట్లోనూ ఉందండి అలాంటి తవ్వ. ఎందుకొచ్చిన గొడవని అటకెక్కించేసేను.

ఆ ఫోటో ఇప్పటికీ స్టూడియో అద్దాల్లో ఉంది, వెళ్తే చూడండి. పాపాయమ్మ కూరలకెళ్తా రోజూ అక్కడ ఆగి, బోసినోటితో ఓసారి నవ్వి పోద్ది. పన్ను మర్నాడే పీకేసేరు. లెన్సంటారా, మూఢం వెళ్ళేక వస్తాదంట.