మోకాలని చెప్పు

ఆ ఫొటోనా? ఇటివ్వు చూద్దాం. నా కళ్ళజోడు ఏదే... నెత్తి మీదే ఉందా, సరే. ఆ, మీ నానమ్మే. నించున్న ఫొటో ఒక్కటీ లేదేం అంటే ఎక్కణ్ణుంచి తేను? ఎప్పుడు తీసినా మేమంతా చుట్టూ నించునేవాళ్ళం, మా వదిన మధ్యలో కుర్చీలో. చూసినవాళ్ళు అబ్బ, కోడల్ని ఎంత బాగా చూసుకున్నారో అనుకుంటారు. చూసుకున్నారు, నా మొహం. మాది బైండింగు పని కదా, వీధివైపు గదుల్లో పని, వెనక గదుల్లో కాపురం. ఇల్లంతా జిగురు వాసనే, అన్నం కూడా అట్ట వాసన వేసేది. మగాళ్ళు కోత మిషను దగ్గర నించుని చేసేవాళ్ళు. ఆడవాళ్ళం నేల మీద బాసింపట్టు వేసుకుని కాగితాలు మడిచి, దారంతో కుట్టేవాళ్ళం. మా వదిన చెయ్యి పడితే మడత కత్తితో గీసినట్టుండేది. కోత మిషను నడిపే బాబాయి ఒకాయన ఉండేవాడు, నోరు మంచిది కాదులే ఆయనది, ఎవర్నీ మెచ్చుకునేవాడు కాదు, ఆయనే "ఈ అమ్మాయి మడిచింది కొయ్యాలంటే చెయ్యి రావట్లేదయ్యా" అనేవాడు. ఏం చెబుతున్నాను? ఆ, బాసింపట్టు. ఒకరోజు చూస్తే వదిన కుడికాలు మడవకుండా చాపుకుని కూచుంది. మర్నాడూ అంతే. తర్వాత మెల్లగా ముక్కాలిపీట తెచ్చుకుంది. అంతే, మా అమ్మ అందుకుంది. "మహారాణీవారికి నేల పనికిరావట్లేదా? సింహాసనం చేయించమంటారా?" అని. వదిన నవ్వి ఊరుకునేది. నవ్వుతూనే పీట అంచు గట్టిగా పట్టుకునేది, అది మాకు కనబడేది కాదు. కాదులే, కనబడేది, నవ్వు చూసి సరిపెట్టుకునేవాళ్ళం.

నొప్పెక్కడంటే గజ్జల్లో. తొడ మొదట్లో. అదే చెప్పింది పాపం, వంటగదిలో, మా అమ్మతోనే, గుసగుసగా. మా అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఛీ, మెల్లగా! అవతల మగాళ్ళున్నారు. ఆ మాట ఇంకెక్కడా అనకు. మోకాలని చెప్పు." వదిన "మోకాలు కాదత్తయ్యా" అంటే, "అయితే మాత్రం? పరువైన ఇంట్లో ఆడదాని నొప్పులన్నీ మోకాలి కిందే ఉంటాయి" అంది. చూశావా, నొప్పికి కూడా హద్దు గీసేసింది మహాతల్లి! ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో అది మోకాలే. మీ తాతయ్యకీ మోకాలే, డాక్టరుకీ మోకాలే. నన్ను తోడు తీసుకెళ్ళేవాళ్ళు, అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. ఆ డాక్టరు గది ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది, ఆకుపచ్చ తెర, ఎత్తు బల్ల. ఎక్కమంటే వదిన ఎక్కలేకపోయింది. డాక్టరు దుప్పటి పైకి మడవబోతే మా అన్నయ్య, అదే మీ తాతయ్య, ఆ దుప్పటి అంచు మోకాలి దగ్గర ఇలా పిడికిట్లో పట్టుకున్నాడు. అంతకు మించి ఒక్క అంగుళం పైకి పోనివ్వలేదు. "ఎక్కడమ్మా నొప్పి?" అని ఆయన వదిన్ని అడిగితే "మోకాలండీ" అని అన్నయ్య జవాబు. "ఎలా నడుస్తోంది?" అంటే, నలుగురిలో పెళ్ళాం కుంటడం నామోషీ అయిపోయి, తనే గదిలో అటూ ఇటూ కుంటి చూపించాడు! ఏమనుకున్నావ్, బాగా కుంటాడు కూడానూ. నవ్వకే, నేనూ ఆ రోజు నవ్వాను. వదినా నవ్వింది బల్ల మీద. మోకాలికి ఎక్స్‌రే తీశారు. కడిగిన ముత్యంలా ఉంది. మందిచ్చారు, పట్టీ వేశారు, మళ్ళీ తీశారు, మళ్ళీ ముత్యమే. చివరికి డాక్టరు విసుక్కుని "ఈవిడకేం లేదయ్యా, బద్ధకం" అన్నాడు. ఇంకేం, మా అమ్మకి సర్టిఫికెట్టు దొరికినట్టయింది. పీట తీసి అటక మీద పడేసింది. మీ తాతయ్య పుస్తకం అంచు వెంట్రుకవాసి వంకరొస్తే మళ్ళీ కోయించే మనిషి. పెళ్ళాం నడక అంత వంకరపోతుంటే "బద్ధకం తగ్గించుకో" అన్నాడు.

ఆ కాలితోనే కడుపొచ్చింది. మీ నాన్నే. నొప్పులొచ్చాయని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. లోపల్నుంచి లేడీ డాక్టరు అరుపులు వినబడుతున్నాయి, "కాళ్ళు ఎడం చెయ్యమ్మా! చెయ్యవేం, పిల్లని కనవా?" అని. వదిన గొంతు మాత్రం వినబడట్లేదు. కాసేపటికి అరుపులు ఆగిపోయాయి. చూసుకున్నారన్నమాట, చెయ్యకపోవడం కాదు, ఆ కాలు రాదు. గబగబా కోసి బిడ్డని తీశారు. తర్వాత తుంటికి ఎక్స్‌రే. ఆ డాక్టరమ్మ పొట్టిగా, బుడ్డ చెంబులా ఉండేది, ఆ ఎక్స్‌రే పట్టుకుని వరండాలోకి వచ్చింది. మా అమ్మ తప్ప అందరూ ఉన్నారు అక్కడ. "తొడ ఎముక కొస బంతిలా ఉంటుందయ్యా, గిన్నెలో తిరుగుతుంది. ఈవిడకి ఆ బంతికి రక్తం అందక చచ్చి, నలిగి పిండైపోయింది. ముందే వచ్చుంటే ఎంతో కొంత నిలబెట్టేవాళ్ళం. ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?" అంది. "మోకాలనుకున్నామండీ" అన్నాడు మీ తాతయ్య. తుంటి నొప్పి మోకాలిదాకా పాకుతుందట, ఆవిడే చెప్పింది, అంటే పూర్తి అబద్ధమూ కాదు, చూడు. "మోకాలా? కాలు పక్కకి తెరుచుకోవట్లేదని నీకు తెలీదా?" "నాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు. ఆవిడ ఇలా కళ్ళజోడు మీంచి చూసి, "మరి కడుపెలా వచ్చిందయ్యా, పోస్టులోనా?" అంది. అబ్బా... ఎవరో కిసుక్కుమన్నారు. మా అన్నయ్య తల అలా దించాడు, దించినవాడు మళ్ళీ ఎత్తలేదు. డాక్టరు దగ్గర దుప్పటి అంచు పట్టుకున్న ఆ చెయ్యే నాకు కనబడింది. నాకు నా పుట్టింటి మీదే అసహ్యమేసింది. మొగుడి పక్కన పడుకుని పళ్ళ బిగువున ఎన్నిసార్లు ఓర్చుకుందో ఆ మనిషి! ఆయనకి తెలీదట!

సిగ్గు ఎక్కువసేపు ఒకరి దగ్గర ఉండదే, తోసేస్తారు ఇంకొకరి మీదకి. ఇంటికెళ్ళాక మా అమ్మ అడిగితే "కాన్పులో కాలు పట్టేసిందట" అన్నాడు. అయిపోయింది. ఊరందరికీ అదే కథ. కాన్పంటే ఎవరి తప్పూ కాదుగా. కానీ మీ నాన్న అల్లరి చేసినప్పుడల్లా మా అమ్మ, "నిన్ను కనే కదరా మీ అమ్మ కాలు పోగొట్టుకుంది" అనేది. అదేదో ముద్దు మాటన్నట్టు! వాడు అమ్మ ఒళ్ళోకి ఎక్కేవాడు కాదు, నేనెక్కితే విరుగుతుందని. ఆవిడ "నీ వల్ల కాదు నాన్నా" అంటే "మరెవరి వల్ల?" అనేవాడు. అక్కడ ఆగిపోయేది వదిన. ఏం చెబుతుంది, కన్నకొడుక్కి? పోయేదాకా కర్రతోనే నడిచింది, పోయేదాకా ఆ జవాబు చెప్పలేదు. నువ్వు ఒక్కదానివే ఎందుకో ఎప్పుడైనా ఆలోచించావా? మీ అమ్మ ఇంకొకర్ని కంటానంటే మీ నాన్న గజగజ వణికాడు. అరవై ఏళ్ళొచ్చినా తల్లిని కుంటిదాన్ని చేసి పుట్టాననే అనుకుంటున్నాడు. పిచ్చి సన్నాసి.

ఎవరూ? నువ్వట్రా? రా, రా. ఏం లేదు, ఊరికే... కాదు, ఉండు. వెళ్ళకు. కూచో ఇలా. మీ అమ్మ సంగతే. మోకాలు కాదు, తుంటి. తుంటి గురించే, ఎందుకలా అటు చూస్తావ్, తల్లే కదా. నువ్వు పుట్టకముందే పోయిందిరా ఆ కాలు. నీ వల్ల కాదు. ఆ, అడుగు, అడుగుతావని తెలుసు. ఎవరి వల్లంటే... ఆ ఫ్యాను కట్టెయ్యవే అమ్మాయ్, చప్పుడొకటి. వాడికి సరిగ్గా వినబడాలి.