మడవని కత్తి

మార్చి పద్నాలుగు, శుక్రవారం. ఆ రోజు ఈ కొట్లోనే, ఇదిగో ఈ బల్ల ముందే, మా అక్కకి అన్యాయం జరిగింది బాబాయిగారూ.

అబ్బే, లేవకండి. కూర్చునే వినొచ్చు. గొడవకి రాలేదు నేను, కత్తి కొనడానికొచ్చాను. కత్తుల కొట్టుకి కాటుక కోసం వస్తారా ఎవరైనా?

షట్టరు సగం దించింది నేనే. ఎండ తిన్నగా మీ మొహం మీదే కొడుతోంది, చూడలేకపోయాను. మీ అబ్బాయి ఇప్పుడే బ్యాంకుకి వెళ్ళాడు కదూ? ఎదురుగా టీ కొట్లో కూర్చుని చూస్తూనే ఉన్నాను. క్యూ చాంతాడంత ఉంటుంది. తొందరేం లేదు మనకి.

పెద్ద కత్తులు చూపించండి. మడిచేవి కాదు. పిడికీ అలుగుకీ మధ్య కీలు ఉండకూడదు. అదొక్కటే నా షరతు. ఊఁ, తియ్యండి, అన్నీ తియ్యండి.

ఇదేమిటి, వీపంతా రంపం పళ్ళు, మధ్యలో చిల్లులు, పిడి మీద పులి బొమ్మ! ఇది కోయడానికా, ఫొటో దిగడానికా? పెళ్ళికొడుకు కత్తి ఇది, పక్కన పెట్టండి.

ఇంకోటివ్వండి. ఇలా కాదు, పిడి నావైపు తిప్పి ఇవ్వండి. మొన నావైపు పెట్టి ఇస్తున్నారేం, అంత కంగారెందుకు?

నేను పట్టుకునే తీరే చూస్తున్నారు. అడగండి. చేతికి ఈ గుడ్డ ఏమిటనేగా? చెప్తాను. ముందు ఈ కత్తి సంగతి తేలనివ్వండి.

అంచు బాగానే ఉంది. గోటి మీద పెడితే జారడం లేదు. నాకెలా తెలుసంటారా? నేను బైండింగ్ షాపులో పుస్తకాలు కుడతాను బాబాయిగారూ. పద్నాలుగేళ్ళుగా కాగితం కోస్తున్నాను. కుట్టే ముందు ప్రతి పుస్తకం చదువుతాను, అందుకే మా ఓనరుకి నేనంటే ఒళ్ళుమంట. బడికి పోయింది అయిదో తరగతి దాకానే. ఆ తర్వాత చదివిందంతా జీతం తీసుకుంటూ చదివిందే.

సరే, అంచు బాగుంది. పిడి బల్లకేసి కొట్టనా? విన్నారా ఆ చప్పుడు? డొల్ల. ఇనుము పిడిలోకి రెండు వేళ్ళంత దిగి ఆగిపోయింది, మిగతాదంతా ప్లాస్టిక్కు. ఒంటి బరువంతా వేసి నొక్కే పనికి ఇది నాలుగు రోజులు రాదు. మీకు తెలియదని కాదు, నాకు తెలియదేమోనని చూపించారు. కదూ?

మా అక్కకి కూడా తెలియదనే అనుకున్నారు.

గుర్తు రావడం లేదా? చెప్తాను ఉండండి. పొడుగ్గా ఉంటుంది, మాట మెత్తన. చెప్పుల అడుగులు చేసే షెడ్డులో రబ్బరు దిమ్మలు కోస్తుంది. తలగడంత ఉంటుంది ఒక్కో దిమ్మ. కత్తి నీళ్ళలో ముంచి ముంచి, మీద వాలి కొయ్యాలి. తడి ఆరిందా, రబ్బరు కత్తిని కరుచుకుని వదలదు. అక్కడ అందరూ ఆవిడని స్కేలక్క అంటారు. గీత గీయకుండా గీసినంత తిన్నగా కోస్తుందని. ఆ షెడ్డులో ఎవరి కత్తి వాళ్ళదే. ఒకరిది ఒకరు ముట్టుకోరు. కొనుక్కోవాల్సింది కూడా వాళ్ళే.

పాత కత్తి అరిగిపోయి మీ దగ్గరికొచ్చింది. ఏం పనో చెప్పింది. దిమ్మ ఎంత మందమో చేతులు పెట్టి మరీ చూపించింది. మీరేమన్నారు? నాకు నోటికొచ్చు, ఆవిడ ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పింది. "అమ్మా, పిల్లలున్న ఇల్లంటున్నావు, మడవని కత్తులెందుకు? ఇది కొత్త రకం. పనయ్యాక మడిచి సంచిలో పడేసుకో. ఒకసారి తాళం పడిందంటే ఏనుగొచ్చి తొక్కినా మడతపడదు."

ఏనుగు రాలేదు బాబాయిగారూ. రబ్బరే వచ్చింది.

సగం దిమ్మ కోశాక కత్తి ఇరుక్కుంది. ఎవరైనా ఏం చేస్తారు? అటూ ఇటూ ఆడించి లాగుతారు. లాగింది. తాళం ఊడి అలుగు వెనక్కి వచ్చి పిడిలో పడింది. పిడి మీద వేళ్ళున్నాయి.

అరవలేదట. పక్క బల్ల ఆవిడ చెప్పింది. "ఆ మగ్గు ఇలా ఇవ్వవే, దిమ్మ పాడైపోతోంది" అందట. అంతసేపూ రబ్బరు మీద మరకే చూసుకుందట ఆ పిచ్చిది.

కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు. రెండూ రెండో కణుపు దాకా పోయాయి.

ఏమిటి, నీళ్ళు కావాలా? తాగండి. కుండ మీ వెనకే ఉంది. ఫోన్ కూడా అక్కడే ఉందని చూశాను. నీళ్ళు మాత్రం తాగండి.

షెడ్డు యజమానిని అడగమంటారా? అడిగాను. మహానుభావుడు కళ్ళజోడు తుడుచుకుంటూ, "కత్తి ఆవిడదే కదమ్మా, మనమిచ్చింది కాదు కదా" అన్నాడు. కత్తి ఆవిడది కాబట్టి గాయమూ ఆవిడదేనట! ఇంకేం, వేళ్ళు కూడా ఆవిడవే, పోగొట్టుకునే హక్కుంది అన్నాను. నవ్వాడు. రెండు రోజుల కూలి చేతిలో పెట్టి, ఆవిడ బల్ల జూన్ పదహారు దాకా ఖాళీగా ఉంచుతానన్నాడు. ఆ సోమవారం వచ్చి తన ముందు ఒక్క దిమ్మ కోసి చూపించాలి. కోస్తే బల్ల ఆవిడది. లేకపోతే వేరే మనిషి కాచుకునుంది.

అంటే ఇవాళ కాక, మధ్యలో మూడు రోజులు.

ఇప్పుడు నా చెయ్యి చూడండి. ఈ గుడ్డ విప్పుతున్నాను. చూశారా, శుభ్రంగా ఉంది. గీతైనా లేదు. చూపుడు వేలూ మధ్య వేలూ మడిచి అరచేతికి కట్టేసుకొచ్చాను. బొటన వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. వాటితోనే ఇందాకట్నుంచీ మీ కత్తులన్నీ పట్టుకుని చూస్తున్నాను. ఎందుకంటే ఆవిడకి మిగిలినవి అవే. వారం రోజులుగా ఇంట్లో ఇలాగే తిరుగుతున్నాను. ఇలాగే తిన్నాను, ఇలాగే బట్టలు పిండాను. ఆవిడ చేతిని అరువు తెచ్చుకుని మీ కొట్టుకొచ్చానన్నమాట.

ఆవిణ్ణే తీసుకురావచ్చు కదా అంటారా? రాదు. కూరగాయల కత్తి చూస్తేనే చెయ్యి కొంగులోకి పోతోంది. పాపకి జడ వేస్తుంది ఆ మూడు వేళ్ళతోనే. అది వంకరగా వస్తుంది. ఆ పిల్ల వంకర జడ తిన్నగా కనబడాలని తల ఓ పక్కకి వంచుకుని బడికి పోతోంది. ఎనిమిదేళ్ళ దానికున్న ఇంగితం మనలో ఎంతమందికుంది చెప్పండి?

మళ్ళీ కట్టుకుంటున్నాను, ఆగండి. పళ్ళతో ముడి వెయ్యడం బాగా అలవాటైపోయింది.

ఇంకో మాట. ఇది గుర్తు పట్టారా? మీ సరుకే. కడిగాను, భయం లేదు. మీరే తెరవండి. టక్కుమంది, తాళం పడింది. ఇప్పుడు నాలుగు వేళ్ళూ పిడి చుట్టూ వేసి పట్టుకోండి, ఆవిడ పట్టుకున్నట్టు. అలుగు వీపు ఈ బల్ల అంచుకి ఆనించి కిందికి నొక్కండి. ఏనుగంత అక్కర్లేదు. మీ బరువు చాలు.

నొక్కండి.

చేతులు ఒళ్ళోకి పోయాయేం? నేనేం మీద పడి నొక్కించడం లేదే! మీ సరుకు, మీ తాళం, మీ మాట. ఒక్కసారి నొక్కి చూపించండి, ఈ షట్టరు నేనే పైకెత్తి, మీ కాళ్ళకి దండం పెట్టి వెళ్ళిపోతాను.

ఊహూఁ.

సరే. నాకు కావలసిన జవాబు వచ్చేసింది. తెలియక అమ్మాడేమో, పాపం పెద్దాయన, అని నిన్న రాత్రి దాకా మా అక్క మీ తరఫునే వాదించింది. "ఆయనకేం తెలుసే, కంపెనీ వాడు చెప్పింది చెప్పాడు" అంది. ఇంటికెళ్ళి చెప్పాలా వద్దా అనేదే ఇప్పుడు నా సందేహం.

ఆఁ, ఏమిటది, పెట్టె తీస్తున్నారు? ఖరీదైన సరుకా? ఇందాక అన్నీ తియ్యమంటే దీన్ని తియ్యలేదుగా! ఇప్పుడు పుట్టుకొచ్చిందా! తియ్యండి, చూద్దాం. మంచి బిగుతుగా కట్టారే తాడు...

ఆగండి. కదలకండి.

ఇప్పుడు తాడు కోశారే, దేంతో కోశారు?

దాచకండి. బల్ల మీద పెట్టండి. మీ చేతిలో ఒకటి, నా చేతిలో ఈ మడతకత్తి, ఎవరైనా తొంగి చూస్తే ఏమనుకుంటారు? మెల్లిగా పెట్టండి. అదీ.

అమ్మమ్మా! ఇన్ని కత్తులు దుకాణమంతా వేలాడదీసుకుని, మీరు వాడుకునేది ఇదా! మడిచేది కాదే! తళుకూ లేదు, పులీ లేదు. జానెడున్నర అలుగు, నల్లబడిపోయిన చెక్క పిడి. చూడండి, ఇనుము పిడి చివరి దాకా ఒకే ముక్క, చెక్కకి రెండు పక్కలా మెరుస్తోంది. రాగి మేకులు మూడు. మీ వేళ్ళకి మాత్రం మంచి కత్తి కావాలన్నమాట.

పట్టుకుంటాను. నవ్వొస్తోంది బాబాయిగారూ. చివర్న ఉబ్బుగా ఉంది చూశారా, చిటికెన వేలు అక్కడ కొక్కెంలా ఆనుకుంటోంది. బొటన వేలు ఈ అరిగిన గుంటలో సరిగ్గా కూర్చుంది. ఎన్నేళ్ళ అరుగుదల? ఇరవై రెండా? మూడు వేళ్ళు చాలు దీనికి. మణికట్టు తిప్పినా పిడి తిరగడం లేదు.

ఇది కావాలి నాకు.

అమ్మకానికి కాదా? కొట్లో ఉన్నవాటిలో నమ్మదగ్గది ఇదొక్కటే, ఇది మాత్రం అమ్మకానికి కాదు! ఎంత చక్కగా ఉందండీ మీ వ్యాపారం. మీ నాన్నగారిదా? ఉండనివ్వండి. మా అక్క వేళ్ళు కూడా మా నాన్న ఇచ్చినవే.

నిజం చెప్పనా? ఎలాగూ ఇంతసేపూ విన్నారు, ఇది కూడా వినండి. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరినప్పుడు నేను కత్తి కోసం బయల్దేరలేదు. గుడ్డ కట్టుకున్నది ఆవిడ చేతి కొలత కోసమే, ఒట్టు. కానీ టీ కొట్లో కూర్చుని మీ అబ్బాయి ఎప్పుడు వెళ్తాడా అని చూశానే, అది కొలత కోసం కాదు. మీరు ఆ మడతకత్తి పట్టుకుని నిజంగానే నొక్కుతారని, నొక్కితే నేను చూస్తూ ఊరుకోవాలని వచ్చాను. నొక్కకపోతే ఏం చెయ్యాలన్నది కూడా అనుకునే వచ్చాను. అది చెప్పను. ఇందాక మీ చేతులు ఒళ్ళోకి పోయినప్పుడు అది చాలా దగ్గర దాకా వచ్చి వెళ్ళింది.

మీరు తాడు కొయ్యడం మంచిదైంది. మీకే.

ఏమిటీ, ఊరికే తీసుకెళ్ళమంటారా? ఠక్కున ఎంత ఉదారులైపోయారు! వద్దు. ఊరికే ఇస్తే అది పరిహారం అవుతుంది. చెల్లుకు చెల్లు అయిపోయిందని రాత్రి హాయిగా నిద్రపోతారు. కొనుక్కుంటాను. కొనుక్కుంటే వ్యాపారం వేరు, వేళ్ళు వేరు. వేళ్ళ సంగతి అలాగే ఉంటుంది.

ధర చెప్పండి. గట్టిగా చెప్పండి. మూడొందల యాభై. బేరమాడను. ఇవిగో, లెక్క చూసుకోండి. లెక్కపెట్టడానికి మీకు పది వేళ్ళున్నాయిగా.

తోలు తొడుగు కూడా ఇవ్వండి. ఇంట్లో పిల్లలున్నారు.

ఇవాళ సాయంత్రం నుంచీ అక్క చేతిలో పెడతాను. మొదట ముట్టుకోదు. తిడుతుంది, ఏడుస్తుంది. పాత టైరు ముక్కలు రెండు సంపాదించి ఉంచాను, నీళ్ళ బకెట్టు పెట్టుకుని వెనక కూర్చుంటాను. పట్టుకునేదాకా కదలను. నా మొండితనం మీరు చూశారుగా. సోమవారం ఆవిడ ఆ దిమ్మ కోస్తే మీరూ నేనూ మళ్ళీ మొహాలు చూసుకోనక్కర్లేదు.

కొయ్యలేకపోతే వస్తాను. ఆ రోజు కత్తి కొనడానికి రాను.

అలా చూడకండి. బెదిరించడం లేదు, జరగబోయేది చెబుతున్నాను. ఆ మడతకత్తుల గుత్తి మాత్రం ఆ కొక్కెం మీంచి దింపండి. ఇప్పుడే. నేను చూస్తుండగా. ఊఁ, చెత్త డబ్బాలోకి. అవును, అన్నీ. పాపం, ఎంత నష్టమో కదా!

బిల్లు రాయండి. అక్కకివ్వలేదుగా ఆ రోజు, నాకివ్వండి. కార్బన్ కాగితం పెట్టి రాయండి, ఒకటి మీ దగ్గరుండాలి. మెల్లిగా రాయండి. 'కొట్టు యజమాని సొంత కత్తి' అని రాయండి. కింద 'మడతపడదు' అని రాయండి. మీ సంతకం చెయ్యండి. తారీఖు వెయ్యలేదు.

జూన్ పన్నెండు, గురువారం.