ఉతకని ఎర్రముక్క

ఆ… నేనే అక్కా. మిషను చప్పుడులో ఫోను వినపడలేదు. ఆపేశాను, చెప్పు.

…

చేరావా వియ్యపురాలి ఇంటికి? మనవరాలు ఎలా ఉంది… ముక్కు వాళ్ళదేనా. పోన్లే, చెవులైనా మనవి వచ్చాయి.

— బొంత చూశావా? ఎలా ఉంది? నా మొహం చూసి కాదు, నిజం చెప్పు.

…ఏంటా గొంతు? సరిగ్గా వినపడటం లేదు.

…వంటింట్లో ఉన్నావా. సరే, గుసగుసగానే చెప్పు.

…

ఉతికిందా. ఎవరు… ఆవిడేనా?

…వేడినీళ్ళలోనా. వేడినీళ్ళలో వేసిందా అక్కా…

…

లేదు, వింటున్నాను. నవ్వడం లేదు, ఏడవడమూ లేదు. నీకు అసలు సంగతి తెలీదు. ఎందుకులే అని నేనే చెప్పలేదు. ఆ తలుపు దగ్గరికి వేసి విను.

బొంతకి అందరూ తలా ఓ గుడ్డ ఇచ్చారు గదా — నీ ఆకుపచ్చది, నా నీలంది, పెద్దమ్మ పసుప్పచ్చది… ఆ, ఆ గళ్ళది కూడా. కుట్టకముందే అన్నీ నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాను. కొత్త బట్ట మొదటి ఉతుకులోనే ముడుచుకునేదైతే ముడుచుకుంటుంది, రంగు వదిలేదైతే వదులుతుంది. ఆ బుద్ధులేవో ఒకదానికొకటి ముడిపెట్టకముందే బయటపడాలి.

…ఆ, నీ కూతురికి సంబంధం చూసేటప్పుడు నువ్వు నానబెట్టలేదులే. ఇప్పుడనుకుని ఏం లాభం.

అవన్నీ బకెట్లో నానుతుండగా వచ్చింది ఆవిడ, నీ కూతుర్ని వెంటబెట్టుకుని. చేతిలో ఎర్రగుడ్డ. మంచి బట్టే, కాదనను. ఊరుకోలేక దాన్నీ బకెట్ దగ్గరికి పట్టుకెళ్ళాను. అంతే, ఆవిడ మొహం మాడిపోయింది. 'మా ఇంటి గుడ్డ అంత మురికిగా కనిపించిందా మీకు' అంది. మురికని కాదండీ, రంగు దిగుతుందేమోనని, అన్నాను. 'రంగు దిగే బట్టలు మేం కొనం' అంది.

…ఏం చెయ్యమంటావు? పిల్ల నిండు నెలలతో పక్కనే నిలబడి ఉంది. నావైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు చూశాక నోరెలా పెగులుతుంది.

పొడిదాన్ని పొడిగానే తీసుకున్నాను. ఆవిడ గౌరవానికి లోటు రాకూడదని నడిమధ్యన పెట్టి కుట్టాను. కుడుతుంటేనే వేళ్ళకి ఎర్రగా అంటుకుంది. తెలిసి తెలిసి కుట్టాను అక్కా.

— మరి ఆవిడెందుకు ఉతికిందట?

…మళ్ళీ చెప్పు.

…'ఎవరెవరి ఇళ్ళలోంచో వచ్చిన గుడ్డలు, ఉతక్కుండా పసిదానికెలా కప్పుతాం'… అందా. ఆ మాటే అందా.

…బాగానే ఉన్నాను. మంచినీళ్ళు తాగుతున్నాను.

ఎలా ఉందిప్పుడు… అంతా గులాబీరంగేనా. పెద్దమ్మది?… ఓహో, నారింజ. మధ్యముక్క ముడుచుకుని చుట్టుపక్కలవన్నీ తనవైపు లాక్కుందా. లాక్కోకేం చేస్తుంది. మనవి ముందే ఒదిగినవి, ఇంకా ఒదగడానికేం మిగల్లేదు వాటికి.

…ఏమంటోందీ? మన గుడ్డలే రంగు వదిలాయంటోందా? ఫోను ఇవ్వు. ఆవిడకివ్వు ఇప్పుడే. ఎరుపు కాకుండా ఏది ఎర్రరంగు వదులుతుందో అడుగుతాను.

…ఎందుకివ్వవు?

…

…ఏడవకు. నువ్వెందుకు ఏడుస్తున్నావు.

…నిజంగానా. నీ కూతురికి ఆవిడే తల దువ్వుతోందా… దగ్గర కూర్చుని అన్నం తినిపిస్తోందా? పెళ్ళయినప్పట్నించీ ఆ ఇద్దరి మధ్యా పుల్లవిరుపు మాటలేగదా. పాప ఎంత పని చేసింది.

…పిల్ల ఏమంటోంది మరి, ఈ బొంత సంగతికి? …అత్తగారికి ఏదో చెప్పబోతే గిల్లావా. మంచిపని చేశావు. అది నోరు తెరిస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఉండు, ఆలోచించనీ.

…

సరే. నామీద పెట్టెయ్. మా చెల్లెలికి కుట్టడమేగానీ బట్ట సంగతి తెలీదు, ఉతక్కుండా కుట్టేసింది, అని చెప్పు.

…పోతే పోనీవే. ఒక్క ఉతుక్కి పోయే పేరైతే ఉండి మాత్రం ఏం లాభం.

…ఎవరు, ఆవిడే వచ్చిందా? నాతో మాట్లాడతానంటోందా… ఇవ్వు. ఏమీ అనను. ఇవ్వు అక్కా.

—

నమస్కారం వదినగారూ… ఆ, అక్క ఇప్పుడే చెప్పింది… అవునండీ, పొరపాటు నాదే.

…లేదండీ, తడపలేదు.

…ముడుచుకుంటుందాండీ కొత్త బట్ట. నిజమేనండీ.

…ఉప్పునీళ్ళలోనా. ఓ పూటంతా నానాలా… ఆ, గుర్తుపెట్టుకుంటాను.

…ఎవరూ చెప్పలేదండీ. మీలాగా చెప్పేవాళ్ళుండాలిగా.

…

…పాపేనా ఆ ఏడుపు?

…ఏ దుప్పట్లో చుట్టినా ఊరుకోవడం లేదా. దీంట్లో అయితేనే…

…ఏంటండీ, చూడ్డానికి అసహ్యంగా ఉందనా. దానికేం తెలుసండీ రంగులూ ముడతలూ. కొత్త బొంత అట్టలా ఉంటుంది, ఒళ్ళు ఒరుసుకుంటుంది. మీరు ఉతకబట్టే మెత్తబడింది.

…ఊరికే అనడం లేదండీ. ఈ మాట మాత్రం నిజం.

…ముందు వెళ్ళి ఎత్తుకోండి, గుక్కపెడుతోంది. నేను పెట్టేస్తున్నాను.