మంచి దొంగ వేషం

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం. చర్చి ముందు మైదానంలో ఊరివాళ్ళ నాటకం. మూడు సిలువలకు తాళ్ళతో కట్టిన ముగ్గురు: నడుమ యేసు వేషంలో రొట్టెల కొట్టు తిబో, కుడివైపు మంచి దొంగగా ఈమధ్యే జైలు నుంచి వచ్చిన గోర్యో, ఎడమవైపు చెడ్డ దొంగగా పోలీసు సార్జెంటు కబిలింగ్. కింద ఊరంతా ఉంది. పైన గుసగుసలు.

"…మళ్ళీ మొదలెట్టకురా గోర్యో. నేనిప్పుడు చచ్చిపోయే పనిలో ఉన్నాను."

"మొన్న పని అడుగుదామని కొట్టుకొస్తే లేరన్నారు బాబాయ్."

"లేనేమో."

"మీ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. నిన్నా అంతే. పిన్ని 'లేరు' అంటుంటే లోపల మీరు దగ్గారు."

"పిండి దుమ్ముకి దగ్గొస్తుందిరా."

"ఇంట్లో లేనివాళ్ళకి కూడానా?"

"నోరు మూసుకుని వేలాడండి ఇద్దరూ! ముందు వరసలో ఫాదర్ గారు చూస్తున్నారు."

"నువ్వు మాట్లాడకు సార్జెంటూ. ఇన్నేళ్ళూ ఈ పక్కన మంచి దొంగవి నువ్వే. హాయిగా కోడిపందేల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఈ ఏడు అటెందుకు మారావయ్యా?"

"నడుం నొప్పి తిబో గారూ. చెడ్డ దొంగకి మాటలు తక్కువ."

"మాటలకీ నడుముకీ ఏంటయ్యా సంబంధం! ఏ దొంగయినా వేలాడేది ఒకటేగా!"

"ష్! నా వంతొచ్చింది. ఏమయ్యా దేవుడా! అంత గొప్పవాడివైతే దిగు చూద్దాం! దిగి మమ్మల్నీ దింపు!"

"అబ్బ! నన్ను జీపెక్కించినప్పుడు కూడా అచ్చం ఇదే గొంతు సార్."

"గుర్తుందిరా నీకు?"

"మర్చిపోతానా? ఈ ఊళ్ళో మీరు పట్టుకున్న మొదటి దొంగని నేనేగా. బాబాయ్, వినండి. జైల్లో నన్ను పొయ్యి దగ్గరే పెట్టారు. రోజూ పొద్దున నేను కాల్చిన రొట్టెలే జైలంతా తినేవాళ్ళు."

"తినక? ఎక్కడికి పోతారు?"

"నిజంగా బాగుండేవి బాబాయ్!"

"బాగుండేవే అనుకో. నా కొట్లో పనంటే తెల్లారగట్ల ఇంటింటికీ వెళ్ళి గుమ్మానికి రొట్టెల సంచి కూడా తగిలించి రావాలిరా. ఎవరింకా పడుకున్నారో, ఏ తలుపు గడియ ఊడిందో అన్నీ కనబడతాయి. ఆ పనికి నిన్ను పంపితే జనం ఏమంటారు?"

"ఫాదర్ గారి మోటార్ సైకిల్ ఎత్తుకెళ్ళాను, నిజమే. ఆయనే క్షమించేశారు కదా?"

"ఆయనకేం, కొత్త బండి వచ్చింది. నా గిరాకీ పోతే కొత్తది ఎవరిస్తారు?"

"పని దొరక్కపోతే సోమవారం మనీలా బస్సెక్కుతాను. అక్కడ నాకు తెలిసినవాళ్ళంతా జైల్లో పరిచయమైనవాళ్ళే. మళ్ళీ దేంట్లో దిగుతానో నాకే భయంగా ఉంది."

"అలా అనకురా."

"మా పిల్లని బళ్ళో 'మీ నాన్న ఏం పని చేస్తాడు' అని అడిగారట. 'దొంగ వేషం' అందట. అదే ఉద్యోగం అనుకుంది బాబాయ్. ఎంతో గొప్పగా చెప్పిందట."



"గోర్యో! ఒరేయ్ గోర్యో! నీ మాట!"

"ఎవరు బాబాయ్ అది?"

"ఇంకెవరు, చోలెంగ్ అక్క. సిలువ వెనక కూర్చుని మాటలందిస్తోందిగా. కానియ్."

"చెప్పను."

"ఏంటీ?"

"నన్ను మరిచిపోకు ప్రభువా అని నేనడగాలి. మరిచిపోనని మీరనాలి. నేనడక్కపోతే మీరెలా అంటారు? అనకపోతే ఎలా చస్తారు? చీకటి పడేదాకా ఇలాగే వేలాడదాం."

"ఓరి నీ దుంప తెగ! ఇది నా మొక్కురా! మీ పిన్ని జబ్బు నయమైందని ఏటా ఇక్కడ చస్తున్నాను, ఒక్క ఏడు తప్పలేదు! సార్జెంటూ, చూడు, వీడు బెదిరిస్తున్నాడు! కేసు పెట్టు!"

"ఎలా పెట్టమంటారు? నా చేతులూ కట్టేసే ఉన్నాయి."

"గోర్యో! మాట మర్చిపోయావా? 'ప్రభువా'… అనరా, 'ప్రభువా'…"

"…సర్లెండి బాబాయ్. పిన్ని మొక్కు చెడగొట్టలేను. జైల్లో ఉన్నప్పుడు నాకు బిస్కెట్లు పంపించింది ఆవిడ."

"పంపించిందా? నాతో అననే లేదే!"

"ప్రభువా! అందరి ముందూ చెబుతున్నాను, నేను దొంగనే! ఫాదర్ గారి బండి తీసింది నేనే! శిక్ష అనుభవించి వచ్చాను!"

"బండేంట్రా! ఆ కాలంలో బండెక్కడిది! నేనందించిన మాట చెప్పు!"

"నాకు రొట్టెలు కాల్చడం వచ్చు ప్రభువా! ఇంకెవరి సొమ్మూ ముట్టను! కింద నా పిల్ల చూస్తోంది, దాని మీద ఒట్టు! నన్ను మరిచిపోకు!"

"…సార్జెంటూ, అందరూ ఏడుస్తున్నారేంటయ్యా?"

"ఏడవరా మరి? మీ ఆవిడ చేతిరుమాలు చూడండి, పిండితే చెంబెడు నీళ్ళొస్తాయి. అందరూ మీ నోటికేసే చూస్తున్నారు. చెప్పండి."

"వాళ్ళంతా నా గిరాకీలేనయ్యా…"

"అందుకేగా చెప్పమంటున్నా."

"ఓ దొంగా! నిన్ను మరిచిపోను! ఇవాళ నేను చచ్చిపోతున్నాను! రేపు కొట్టు మూసి ఉంటుంది! ఎల్లుండి తెల్లారగట్ల లేస్తాను! లేవగానే పిండి కలపాలి! నువ్వొచ్చెయ్!"

"పిండేంటి తిబో! ఓరి దేవుడా, నా నాటకం గంగలో కలిపేశారు కదరా!"

"అక్కా, ఊరుకో! చప్పట్లు కొడుతున్నారు! ఫాదర్ గారూ కొడుతున్నారు!"

"బాబాయ్… నిజంగానేనా?"

"ఊరందరి ముందు, ఈ బట్టల్లో అబద్ధమాడతానురా? ఏడవకు, గడ్డం ఊడుతుంది. అసలు నిన్ను తెచ్చి నా పక్కన కట్టించిన మహానుభావుడెవడో తెలిస్తే…"

"నేనే తిబో గారూ."

"నువ్వా! మరి నడుం నొప్పి?"

"నడుముకేం, రాయిలా ఉంది. వీడికి పని అడుగుదామని ఎన్నిసార్లు మీ కొట్టుకొచ్చినా దొడ్డిదారిన జారుకున్నారు. ఇక్కడైతే కట్టేసి ఉంటారు కదా అని."