వాయిదాలన్నీ తలలో ఉన్న మనిషి

కోర్టు గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో జామీను బాబాయి నోరు విప్పాడంటే, తాగేసిన గ్లాసు కింద పెట్టడం కూడా మరిచిపోయి వింటారు జనం. ఆ రోజు మాత్రం బల్ల చివర కూర్చున్న ఇస్త్రీ పెద్దమ్మ చేతిలో టీ ఒక్క గుక్క కూడా తగ్గకుండా చల్లారిపోయి మీగడ కట్టింది. ఆమె కొడుకు మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు. ఎవరి కొట్లాటలోనో ఇరుక్కుని పదకొండు రోజులుగా జైల్లో ఉన్నాడు. ఇవాళ కోర్టులో అతని పేరు పిలుస్తారు.

ఇదివరకైతే ఇల్లో పొలమో ఉన్నవాళ్లు కాగితం చూపించి పూచీ పడితే మనిషిని బెయిలు మీద వదిలేవారు. అలా పూచీ పడేవాళ్లు దొరకనివాళ్లకి ఆ పని చేసిపెట్టి బతికినవాడే జామీను బాబాయి. పోయిన నెల చట్టం మారింది. కాగితాలు వద్దు, డబ్బు వద్దు. ఇంటి మనిషి ఒకరు జడ్జి ముందు నిలబడి, ప్రతి వాయిదాకీ తీసుకొస్తానని మాటిస్తే చాలు. ఒక్క వాయిదా తప్పిందా, కేసు తేలేదాకా లోపలే.

ఇది మనలాంటివాళ్లకి మంచి చట్టమేనని అందరూ అన్నారు. పెద్దమ్మకి మాత్రం విన్న దగ్గర్నుంచి కంటిమీద కునుకు లేదు. ఈ మధ్య ఆమెకి మతిమరుపు పట్టుకుంది. రెండు నెలల్లో రెండు చొక్కాలు మాడ్చింది. డాక్టరుగారి ప్యాంట్లు మేష్టారింట్లో ఇచ్చొచ్చింది. చొక్కా మాడితే మాటలు పడొచ్చు. తారీఖు మరిచిపోతే కొడుకు పోతాడు. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేక, బాబాయికి చెప్పింది. వరసకి తమ్ముణ్ణని చెప్పి, తన బదులు జడ్జి ముందు నిలబడమని పొద్దున్నే అడిగింది.

"నాకొదిలెయ్ అక్కా," అన్నాడాయన. అంత ధీమా తనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో బల్ల మీదున్న నలుగురికీ చెప్పడం మొదలుపెట్టాడు.

"నేను మొట్టమొదట పూచీ పడ్డది ఒక సైకిళ్ల దొంగకి. ఆరు వాయిదాలు. ఎక్కడా రాసుకోలేదు. ఆరుసార్లూ నేనే వాణ్ణి నిద్రలేపి, మొహం కడిగించి, తల దువ్వి తీసుకొచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరంతా నా గుమ్మంలోనే. ఒక ఏడాదైతే జైల్లో వంటవాడు తప్ప నరమానవుడు మిగల్లేదు, అందరికీ నేనే పూచీ. జైలరొచ్చి నా చేతులు పట్టుకున్నాడు, బాబాయ్, ఇద్దర్నైనా ఉంచు, నా ఉద్యోగం ఊడుతుందని."

మొత్తం ఎంతమంది అని టీ కొట్టాయన అడిగాడు. మనుషుల లెక్క తనకి అక్కర్లేదని, తారీఖులు అడగమని బాబాయి కసిరాడు. ఒకసారి కోర్టు రిజిస్టర్లన్నీ చెదలు తినేశాయట. జడ్జిగారు స్వయంగా కారు పంపి పిలిపించుకుంటే, ఈయన కళ్లు మూసుకుని మూడు పగళ్లు ఏకబిగిన వాయిదాలు అప్పజెప్పాడట. రాసుకునే గుమాస్తాలు ఒకరి తర్వాత ఒకరు సొమ్మసిల్లారట. అక్కడితో ఆగాడా? ఇంకా దొంగతనం చెయ్యనివాడికి కూడా, నువ్వు ఫలానా రోజు చేస్తావు, నీ వాయిదా ఫలానా రోజు పడుతుంది అని ముందే చెప్పేసేవాడట. వాళ్లు హడలిపోయి దొంగతనాలు మానేశారట. కేసుల్లేక కోర్టు హాల్లో ఆర్నెల్లు పావురాలు గుడ్లు పెట్టాయట.

పెద్దమ్మ ఇవేవీ నమ్మలేదు. నమ్మకపోతే ఇంకెవరున్నారని, కాస్తయినా నిజముండకపోదని సర్దిచెప్పుకుంటోంది.

బాబాయి గొంతు తగ్గించాడు. "ఇప్పుడీ కొత్త చట్టం ఉందే, అది మా రోజుల్లోలాంటిది కాదు. మొన్న ఒకడు అరగంట ఆలస్యంగా వచ్చాడు. వాణ్ణి తీసుకెళ్లారు. మాటిచ్చిన తల్లిని తీసుకెళ్లారు. తలుపు తీసినవాణ్ణీ, ఇల్లు చూపించినవాణ్ణీ తీసుకెళ్లారు. ఆఖరికి వాకిట్లో కుక్క కూడా తలొంచుకుని వాళ్ల వెనకాలే వెళ్లి జీపెక్కింది."

అందరూ నవ్వారు. తల్లిని తీసుకెళ్లారన్న మాట దగ్గరే ఆగిపోయింది పెద్దమ్మ. చేతిలో గ్లాసు ఒరిగి టీ చీర మీద ఒలికింది.

సరిగ్గా అప్పుడే, కోర్టులో కాగితాలిచ్చి వస్తున్న టైపిస్టు బాబాయిని చూసి నిలబడిపోయింది.

"బాబాయ్, ఇక్కడున్నావా? ఒకే ఇంటి కాగితం పదకొండు మందికి పెట్టావని నీ మీద కేసుంది కదా. ఇవాళ దాని వాయిదా. రెండుసార్లు పిలిచారు. మూడోసారి పలక్కపోతే వారెంటేనట."

బాబాయి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"నాది గురువారం కదా," అన్నాడు మెల్లిగా.

"ఇవాళ గురువారమే," అన్నాడు టీ కొట్టాయన.

పెద్దమ్మ పట్టుకున్న ఒక్క కొమ్మా విరిగింది. ఇంటికి పారిపోదామా అనుకుంది కూడా. అంతలో వరండాలోంచి బంట్రోతు కేకేసి ఆమె కొడుకు పేరు పిలిచాడు. ఆమె లేచింది. బాబాయి లేవలేకపోతున్నాడు. ఆయన మణికట్టు పట్టుకుంది.

"లే తమ్ముడూ. నాకూ భయంగానే ఉంది. ఇద్దరం పోదాం."

లోపల, కొడుకుని తెచ్చేలోగా బాబాయిని మూడోసారి పిలిచారు. మూడు పగళ్లు ఏకబిగిన చెప్పిన నోటికి తప్పయిందన్న మాట కూడా పూర్తిగా రాలేదు. జడ్జి చీవాట్లు పెట్టి, ఈ ఒక్కసారికి వదిలి, కొత్త తారీఖు ఇచ్చాడు. తర్వాత కొడుకుని తెచ్చి నిలబెట్టారు. చిక్కిపోయాడు. తల్లిని చూడకుండా నేలచూపులు చూస్తున్నాడు.

మాటివ్వడానికి పెద్దమ్మే ముందుకొచ్చింది. వాయిదాలు గుర్తుపెట్టుకుని తీసుకొస్తావా అని జడ్జి అడిగాడు. తెస్తానయ్యా అనేస్తే అయిపోయేది. ఆమె ఆ మాట అనలేదు.

"గుర్తుండదేమోనని భయమయ్యా. తారీఖు పెద్దక్షరాలతో రాసివ్వండి, గోడకి అంటించుకుంటాను. ముందురోజే వీణ్ణి తీసుకొచ్చి మీ గేటు దగ్గర కూర్చుంటాను."

జడ్జి పెద్దక్షరాలతోనే రాశాడు. కొడుకుని సాయంత్రానికి వదులుతారని గుమాస్తా చెప్పి, తారీఖు వేసిన చీటీ ఆమె చేతిలో పెట్టాడు.

చీటీ పిడికిట్లో బిగించి, పెదాలు కదుపుకుంటూ ఆమె మెట్లు దిగుతోంది. మూడో మెట్టు మీద బాబాయికి గొంతు తిరిగొచ్చింది. తనని చూడగానే జడ్జి కుర్చీలోంచి సగం లేచాడని, మొహమాటపడి మళ్లీ కూర్చున్నాడని ఎదురొచ్చిన వాళ్లకి చెప్పాడు. ఇంకో రెండు మెట్లు దిగి, ఉన్నట్టుండి ఆగి, ఆమె దగ్గరికి జరిగాడు.

"అక్కా, నాకు ఏ తారీఖు ఇచ్చారు?"

"పద్నాలుగు. మావాడిది పంతొమ్మిది. ఇంక నాతో మాట్లాడకు, రెండూ కలిసిపోతాయి."