తెర పక్క కుర్చీ

సెలవుల్లో వేయబోయే పాటల నాటకానికి రిహార్సల్ ముగిసింది. తండ్రి వేషం వేస్తున్న బట్టల కొట్టాయన, తెర పక్క కుర్చీ మడవబోతున్న బావమరిదిని ఆపాడు.

“అది ఉండనీరా.”

“అక్క పోయి ఏడాదైంది బావా. మాట అందించే మనిషే లేనప్పుడు ఈ కుర్చీ దేనికి?”

“చోటు దండగని నేనూ లెక్కేశాను. కానీ ఇందాక పాటలో రెండో చరణం మర్చిపోయి, అలవాటుకొద్దీ అటు తిరిగాను.”

“చూశాను. వెంటనే అందుకున్నావుగా!”

“అందించింది కాబట్టి అందుకున్నాను.”

“ఎవరు, అక్కా? ఆ చరణం నేను మొన్న రాసి కలిపింది బావా. అక్క ఎప్పుడు విన్నదనీ?”

“అంటే రోజూ రిహార్సల్‌కి వస్తోందన్నమాటేగా. కుర్చీ తీసేస్తే నిలబడాలి. మోకాళ్ల నొప్పుల మనిషిరా.”